పెట్టె మూడోసారి అడిగింది

సోలో,
మార్చి 5, 2017

ముర్తినీ,

ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేనూ, టెలిగ్రామూ. టెలిగ్రామ్ అంటే మా మురాయి పిట్ట. పోయిన ఏడాది దెపొక్ పిట్టల బజారులో పిల్లగా ఉన్నప్పుడే కొన్నాను. నల్ల వీపు, ఇటుకరంగు పొట్ట, జానెడు తోక. ముప్ఫై నాలుగేళ్ళు పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చున్నవాడు పిట్టకి ఇంకేం పేరు పెడతాడు?

పోయిన ఆదివారం నువ్వు బాతాం నుంచి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడావు. నా ఎడమ చెవి సంగతి నీకు తెలుసు. కుడి చెవి కూడా ఇప్పుడు దాని దారే పడుతోంది. నేను "సరే, సరే" అన్నానే గానీ దేనికి సరే అన్నానో నాకు తెలీదు. ఏదైనా కొనిపెడతానని ఒప్పుకుని ఉంటే ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇకమీదట ఉత్తరాలే రాసుకుందాం. ఉత్తరం అర్థం కాకపోతే ఇంకోసారి చదువుకోవచ్చు, పరువు పోదు.

అసలు విషయం. మీ పెద్దమ్మ రుక్మియాతి పోయాక ఒక వానాకాలం వచ్చి వెళ్ళింది. మా పేట కెరోంచొంగ్ మేళంలో ఆవిడ ఇరవై ఆరేళ్ళు పాడింది కదా. ఆ పాటలూ, మా వసారాలో చేసుకున్న సాధనలూ కలిపి నలభై ఒక్క క్యాసెట్లున్నాయి. ఉన్నాయి అనకూడదు, బూజు తింటోంది. జనవరి నుంచి వసారాలోనే కూర్చుని ఒక్కొక్కటీ వేసి కంప్యూటర్‌లోకి ఎక్కించాను. క్యాసెట్ యంత్రం రెండింటిని నమిలేసింది. ముప్ఫై తొమ్మిది దక్కాయి. అందులో పాటలకంటే నాకు సాధనలంటేనే ఇష్టం. వేణువు వాయించే పెద్దమనిషి పాక్ జుమాది ఏనాడూ వేళకి వచ్చిన పాపాన పోలేదు. అందుకని వేణువు వంతు మీ పెద్దమ్మే ఈల వేసేది. ఆడమనిషి ఈలేమిటని పక్కింటివాళ్ళు మూతులు తిప్పుకునేవారు. ఆ ఈలతోనే నన్ను టీకి కూడా పిలిచేది. నేను "వస్తున్నా, వస్తున్నా" అంటూ కుర్చీలోంచి లేచేవాణ్ణి కాదు. టీ చల్లారాక వెళ్ళేవాణ్ణి.

ఇప్పుడు ఆ గొంతు ముందుగదిలో, వంటింట్లో, వసారాలో ఎక్కడ కావాలంటే అక్కడ వినపడాలి. పాడుకాకుండా ఉండాలి. అది పోతే ఇంకెక్కడా లేదు. దానికి నెట్‌వర్క్ డ్రైవులని ఉంటాయట. నువ్వు ఆ డ్రైవుల ఫ్యాక్టరీలోనే పనిచేస్తున్నావు కాబట్టి ఏవి కొనాలో, ఎలా కలపాలో రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న కస్మాడి


బాతాం,
మార్చి 14

పెదనాన్నా,

మీ కవరు మీద స్టాంపు ఎంత నిటారుగా ఉందంటే, మా పక్కింటావిడ దాన్ని గోడకి తగిలించుకోమంది. ఇంతకీ ఫోన్‌లో మీరు సరే అన్నది మా అత్తగారు మీ ఇంటికి వచ్చి నెల రోజులు ఉండటానికి. ఆవిడ సంచి కూడా సర్దుకుంది. నానా తంటాలూ పడి ఆపాను.

డ్రైవుల్లో చాలా రకాలున్నాయి. కెమెరాల కోసం చేసినవి వేరు, మామూలు కంప్యూటర్లలోవి వేరు. రేయింబవళ్ళు ఆగకుండా తిరగడానికి చేసినవే అడగండి. వాటిలో మెల్లగా తిరిగేవి తీసుకుంటే చప్పుడూ వేడీ తక్కువ. ఒకే కొలతవి రెండు కొనండి. ఆ రెండూ పట్టే పెట్టెను రూటర్‌కి తీగతోనే కలపండి, తీగ లేకుండా పెడితే పాటకి మధ్యలో ఎక్కిళ్ళు వస్తాయి. పాటలు వినేచోట పెట్టెను పెట్టకండి. అది లోపల టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు పెట్టె ఒక మాట అడుగుతుంది. రెండు డ్రైవుల్లోనూ ఒకటే రాయాలా, రెండింటినీ కలిపి ఒక పెద్దదిగా చెయ్యాలా అని. రెండింట్లోనూ ఒకటే రాయమనండి. అప్పుడు ఒకటి చెడినా రెండోది నిలబడుతుంది. అయినా ఇంకో నకలు తీసి వేరే ఇంట్లో పెట్టుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, క్యాసెట్లు పారెయ్యకండి.

ఇన్ని చెప్పడానికి నేనేమంత జాగ్రత్తపరురాలినని కాదు. మా అమ్మాయి తొలి అడుగుల వీడియో ఉన్న ఫోన్‌ను చేపల పులుసులో పడేసిన మహాతల్లిని. ఆ రోజు పులుసు మాత్రం బాగా కుదిరింది.

మీ ముర్తిని


సోలో,
మార్చి 17

ముర్తినీ,

నీ జవాబు ఇంకా రాలేదు. "ఇంకా రాలేదండీ, రేపు చూడండి" అని ముప్ఫై నాలుగేళ్ళు జనాన్ని తిప్పి పంపిన నేను పన్నెండు రోజులు ఆగలేకపోయాను. కోహ్ హియాన్ కంప్యూటర్ల దుకాణానికి వెళ్ళాను.

"ఏం దాచుకోవాలి పాక్ కస్?" అన్నాడు కోహ్ హియాన్.

"మా ఆవిడని" అన్నాను.

అతను కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "అయితే మంచివే తీసుకోవాలి" అన్నాడు. చప్పుడు చెయ్యనివీ, ఆగకుండా తిరిగేవీ రెండు ఇచ్చాడు. మా ముర్తిని వీటిని తయారుచేస్తుందని అక్కడ ఇద్దరికి చెప్పాను. ఒకాయన ఏదో అనుమానం కూడా అడిగాడు. ఫ్యాక్టరీ రహస్యమని చెప్పి తప్పించుకున్నాను.

ఇంటికొచ్చి ఆన్ చేశాక పెట్టె అడిగింది, రెండింట్లోనూ ఒకటే రాయాలా, రెండూ కలపాలా అని. ఒకే ఉత్తరం రెండుసార్లు రాసి రెండు సంచుల్లో వెయ్యడం నేనెక్కడా చూడలేదు. కలిపెయ్యమన్నాను. చోటు రెండింతలయింది. ఈ సంగతి ఎవరికీ తట్టలేదేమోనని కాసేపు నా తెలివికి నేనే మురిసిపోయాను.

రూటర్ వసారా స్తంభానికి ఉంది, నేను కొన్న తీగ మూడు గజాలే. కాబట్టి పెట్టె టెలిగ్రామ్ పంజరం కింద పీట మీద కుదిరింది. ఒకందుకు ఇదీ మంచిదే. ఏప్రిల్ ముప్ఫైన పిట్టల పాటల పోటీకి పక్కింటి పాక్ సకిమిన్ దాని పేరిచ్చేశాడు. పొద్దున్న పంజరానికి గుడ్డ కప్పి, పాత పోటీల్లో గెలిచిన మొనగాడి పిట్టల పాటలు అదే పెట్టెలోంచి వినిపిస్తున్నాను. పిల్ల పిట్ట విన్నది పట్టుకుంటుంది, మనకి పాఠాల ఖర్చుండదు. మధ్యాహ్నం మీ పెద్దమ్మ పాటలు నాకోసం.

కంప్యూటర్ నిండిపోయి నత్తలా నడుస్తోందని అందులోవి తీసేశాను. సకిమిన్ బావమరిదికి దెలంగూలో వరి పాలుపోసుకుంది, పిచ్చుకలు కమ్మేస్తున్నాయట. చేలో కట్టడానికి క్యాసెట్ రిబ్బను కావాలన్నాడు. ఎండకి మెరిసి, గాలికి ఝుమ్మంటే పిచ్చుకలు దగ్గరికి రావు కదా. ఉత్తరం చేరాక కవరెందుకని క్యాసెట్లన్నీ ఇచ్చేశాను.

నీ సలహా ఇప్పుడు అవసరం లేదు. అయినా రాయి, చదువుతాను.

పెదనాన్న


బాతాం,
మార్చి 27

పెదనాన్నా,

మీ ఉత్తరం చదివి అన్నం గిన్నె పొయ్యి మీదే మరిచిపోయాను. మాడిన అన్నం తింటూ రాస్తున్నాను.

రెండూ కలిపితే ఏమవుతుందో మీ భాషలోనే చెబుతాను. ప్రతి ఉత్తరాన్నీ నిలువునా చింపి సగం ఒక సంచిలో, సగం ఇంకో సంచిలో వేసినట్టు. రెండు సంచులూ పక్కపక్కన ఉన్నంతకాలమే ఉత్తరం. ఒకటి తప్పిపోతే రెండోదాంట్లో ఉన్నది ఎవరూ చదవలేరు. కాబట్టి ఇంకో డ్రైవ్ కొని, అందులోకి అన్నీ ఎక్కించి, సకిమిన్‌గారింట్లో పెట్టండి. ఆ తరవాతే ఈ పెట్టె సంగతి చూద్దాం.

క్యాసెట్లు వెనక్కి తెప్పించండి. పెద్దమ్మ గొంతుతో పిచ్చుకల్ని తోలతారా? ఆవిడ పాడుతుంటే జనమే లేచేవారు కాదు.

నిన్న ఫోన్ కూడా చేశాను. "పెట్టెని ముట్టుకోకండి" అన్నాను. "సరే, సరే" అన్నారు. ఆ సరే విలువెంతో మా అత్తగారి సంచిని అడిగితే చెబుతుంది.

ముర్తిని


సోలో,
ఏప్రిల్ 9

ముర్తినీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. నిలువునా చించానో అడ్డంగా చించానో అడక్కు.

నీ సలహా చదివి నవ్వుకున్నాను. పిల్ల భయపడుతోంది అనుకున్నాను. వేరే ఇంట్లో పెట్టడానికి ఇంకోటి కొనడమెందుకు, ఉన్నవి రెండు కదా, ఒకటి ఇక్కడా ఒకటి అక్కడా ఉంటే సరిపోతుందని లెక్కేశాను. పెట్టెలోంచి ఒక డ్రైవ్ లాగి, గుడ్డలో చుట్టి, సకిమిన్ ఇంటి బియ్యం డబ్బాలో పెట్టి వచ్చాను. "దీనికేం తిండి పెట్టాలి?" అన్నాడు వాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇంటికొచ్చి మీ పెద్దమ్మ పాట పెట్టబోతే రాలేదు. కంప్యూటర్‌లో పెట్టె పేజీ తెరిచాను. "కొత్తగా మొదలుపెట్టమంటారా? ఇందులో ఉన్నవన్నీ పోతాయి" అని అడిగింది. వద్దన్నాను. మూసి మళ్ళీ తెరిచాను. మళ్ళీ అదే అడిగింది. వద్దన్నాను. మళ్ళీ తెరిచాను. మూడోసారి అడిగింది.

నువ్వు ఈ గడ్డ మీద పుట్టినదానివి, నీకు చెప్పక్కర్లేదు. ఒకరింటికి వెళ్తే తినమంటారు, వద్దంటాం. మళ్ళీ అంటారు, అబ్బే వద్దంటాం. మూడోసారి అడిగితే తీసుకోవాలి, లేకపోతే ఇంటావిడ మొహం చిన్నబోతుంది. అరవై ఏడేళ్ళుగా నా చెయ్యి ఆ మర్యాదకే అలవాటుపడింది. పెట్టె అంత ఓపిగ్గా మూడోసారి అడిగేసరికి నా వేలు అవునని నొక్కేసింది. రెండో వాక్యం నొక్కాకే సరిగ్గా చదివాను.

మీ పెద్దమ్మని చేసుకున్నదీ అలాగే. ఆ పిల్లని చేసుకోరా అని మా అమ్మ అడిగితే రెండుసార్లు వద్దన్నాను, మూడోసారి మర్యాదకి సరే అన్నాను. నా బతుకులో జరిగిన మంచీ చెడ్డా రెండూ ఆ మూడోసారే జరిగాయి.

బియ్యం డబ్బాలోది తెచ్చి మళ్ళీ పెట్టాను. ఏమీ లేదు. ముప్ఫై తొమ్మిది క్యాసెట్లూ పోయాయి. ఆవిడ రెండోసారి పోయినట్టుంది, ఈసారి నా చేత్తోనే. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

పెదనాన్న


బాతాం,
ఏప్రిల్ 18

పెదనాన్నా,

ఏడ్చాను. తరవాత మీ మీద కోపం వచ్చింది. తరవాత నా మీద అంతకంటే ఎక్కువ వచ్చింది.

మీకొక నిజం చెప్పాలి. నేను డ్రైవులు తయారుచెయ్యను. ఫ్యాక్టరీలో చివరి బల్ల దగ్గర నిలబడి, అట్టపెట్టెల మీద "పగిలే సరుకు, జాగ్రత్త" అని చీటీలు అంటిస్తాను. తొమ్మిదేళ్ళలో ఒక్క డ్రైవ్ లోపల ఎలా ఉంటుందో చూడలేదు. మీకు రాసినవన్నీ మా సూపర్‌వైజర్ అక్కని భోజనాల వేళ అడిగి తెలుసుకుని, నాకే తెలిసినట్టు రాసినవి. మీరు ఊళ్ళో గొప్పగా చెప్పుకుంటుంటే కాదనలేకపోయాను. రెండుసార్లు కూడా అనలేకపోయాను. నాకు తెలియదని ముందే చెప్పి ఉంటే మీరు కోహ్ హియాన్‌నైనా అడిగి ఉండేవారు.

రెండో డ్రైవ్‌లో చెరపని సగం ఉంది కదా అని అక్కని అడిగాను. రెండో సగం లేనిదే అది అక్షరాల పొడి అంది. పక్క దేశంలో ఇలాంటివి బాగుచేసే చోటుకి కూడా ఫోన్ చేయించాను. వాళ్ళూ అదే అన్నారు.

దెలంగూ వెళ్ళారా? ఒక్క క్యాసెట్టైనా విప్పకుండా మిగిలి ఉండొచ్చు. నా పెళ్ళిలో పెద్దమ్మ పాడిన పాట ఏ క్యాసెట్‌లో ఉందో కూడా నాకు తెలీదు. ఎప్పుడూ అడగలేదు, ఎప్పుడైనా వినొచ్చులే అనుకున్నాను.

తిండి మానకండి. ఏది జరిగినా నాకు రాయండి.

ముర్తిని


సోలో,
మే 8

ముర్తినీ,

చీటీలు అంటించే పని తక్కువదేం కాదు. నేనూ ముప్ఫై నాలుగేళ్ళు ఇతరుల ఉత్తరాల మీద ముద్రలు కొట్టాను, లోపల ఏముందో ఒక్కటీ చూడలేదు. మన వంశం వాళ్ళం కవరు పైనే గట్టివాళ్ళం. కోహ్ హియాన్‌కి మాత్రం నిజం ఇంకా చెప్పలేదు.

దెలంగూ వెళ్ళాను. ఒక్కటీ మిగలలేదు. మూడెకరాల చేను చుట్టూ కర్రలు పాతి, మీ పెద్దమ్మని ఆ చివర నుంచి ఈ చివరకి కట్టేశారు. ఎండకీ వానకీ రిబ్బను తెల్లబడిపోయింది. గాలి వచ్చినప్పుడు ఝుమ్మంటోంది. గట్టు మీద కూర్చుని కాసేపు విన్నాను, నాకేమీ ఆవిడలా వినపడలేదు. సకిమిన్ బావమరిది మాత్రం, "అన్నా, ఈసారి ఒక్క గింజ పోలేదు" అని నా చేతులు పట్టుకున్నాడు. కొత్త బియ్యం పంపుతానన్నాడు. వద్దన్నాను. మళ్ళీ అన్నాడు. మూడోసారి అనేలోపు బస్సెక్కేశాను.

ఇక పోటీ సంగతి. నాకు వెళ్ళే ఓపిక లేదు గానీ సకిమిన్ పేరిచ్చేశాడు కదా. ఇరవై నాలుగు పంజరాలు వరసగా వేలాడదీశారు. గుడ్డలు తీశారు. మిగతా పిట్టలన్నీ గొంతులు చించుకుంటున్నాయి. మన టెలిగ్రామ్ ఛాతీ విరిచి, తోక ఎత్తి, "టిక్, టిక్, టిక్కుటిక్కు" అంది. మన పెట్టె చేసే చప్పుడు, అచ్చంగా అదే. మొనగాడి పిట్టల పాట ఒక్క ముక్క రాలేదు. న్యాయనిర్ణేత ఒకాయన దగ్గరకొచ్చి, "ఇది పిట్టా, గడియారమా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే ఎలా.

అప్పుడు ఈల వేసింది.

వేణువు వంతు ఈల, ముర్తినీ. అయిదు స్వరాలు, చివరిది కాస్త పైకి ఎత్తి వదలడం. జనవరి నుంచి నేను వసారాలో ఆ సాధనల క్యాసెట్లు తిప్పుతుంటే పంజరంలో కూర్చుని అదే నేర్చుకుంది. నేను పొద్దున్న చెప్పిన పాఠం వదిలేసి, మధ్యాహ్నం నాకోసం పెట్టుకున్నది పట్టుకుంది. నా చెవికి ఫోన్ వినపడదు, గుడి గంట లాంటి సకిమిన్ గొంతు సగమే వినపడుతుంది. ఇది మాత్రం అంత గోలలోనూ వినపడింది.

పోటీలో ఆఖరి స్థానం వచ్చింది. "పాక్ కస్, మీ పిట్ట చెడిపోయింది. అమ్మేసి ఇంకోటి కొనుక్కోండి" అని సకిమిన్ ఓదార్చాడు. పంజరానికి గుడ్డ కప్పి ఇంటికి బయల్దేరాను. ఇంకాసేపుంటే అక్కడే ఏడుస్తానని భయం.

పెట్టెను మళ్ళీ మొదటి నుంచీ కట్టాను. రెండింట్లోనూ ఒకటే రాయమన్నాను, కోహ్ హియాన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని మరీ. మూడు రోజులు వసారాలో టెలిగ్రామ్ ఈల రికార్డు చేశాను. మూడో నకలు చిన్న డ్రైవ్‌లో ఎక్కించి ఈ ఉత్తరంతో పంపుతున్నాను, నీ ఇంట్లో పెట్టు. అందులో పిట్ట ఈలా, పెట్టె టిక్కులూ తప్ప ఇంకేమీ లేవు. సరిగ్గా వచ్చిందో లేదో నా చెవికి తెలియడం లేదు. పనికిరాని చప్పుళ్ళేమైనా పడి ఉంటే రాయి, కోహ్ హియాన్ చేత తీయించేస్తాను.

పెదనాన్న


బాతాం,
మే 20

పెదనాన్నా,

పొట్లం భద్రంగా చేరింది. మీరు దాని మీద "పగిలే సరుకు, జాగ్రత్త" అని రాసింది చూసి నవ్వాను. నేనంటించే చీటీలకంటే మీ దస్తూరీయే బాగుంది.

మా ఆయనా, అమ్మాయీ, నేనూ కూర్చుని మొత్తం విన్నాం. ఈల బాగా వచ్చింది. నా పెళ్ళి ముందు రోజు పెద్దమ్మ మీ వంటింట్లో వేసింది ఇదే. అమ్మాయికి ఒక్కసారికే వచ్చేసింది, ఇల్లంతా తిరుగుతూ వేస్తోంది. మా అత్తగారు ఆడపిల్లకి ఈలేమిటన్నారు. నాకు పట్టలేని సంతోషం వేసింది.

పనికిరాని చప్పుళ్ళున్నాయేమో రాయమన్నారు. ఒకటుంది. మీకు తెలిసినట్టు లేదు.

పిట్ట ఈల వేసిన ప్రతిసారీ, కాస్త దూరం నుంచి ఒక మగ గొంతు "వస్తున్నా, వస్తున్నా" అంటోంది. తరవాత కుర్చీ చప్పుడు, చెప్పుల చప్పుడు. మూడు రోజుల్లో పందొమ్మిదిసార్లు లెక్కపెట్టాను. ఒక్కసారీ ఆలస్యం చెయ్యలేదు మీరు.

అది తీయించకండి. నేను ఇక్కడ రెండు నకళ్ళు తీసి రెండిళ్ళలో పెట్టాను. చెరపమంటారా అని పెట్టె మూడోసారి అడిగినా, ముప్ఫయ్యోసారి అడిగినా వద్దనే చెప్పండి. మర్యాద తప్పితే తప్పింది.

మీ ముర్తిని